చీకట్లో పెట్టిన కేక

అభా, గురువారం రాత్రి

మేకలను ఎత్తుకుపోతున్న తోడేలును కాల్చడానికి నాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, మా కఫీల్, ఈ రాత్రి తుపాకీతో నేను పనిచేసే తన తోటకు వచ్చాడు. లైటు పట్టుకుని చప్పుడు చేయకుండా నిలబడటమే నా పని. రాళ్ల మధ్య రెండు కళ్లు మెరిశాయి. మా మక్కచేనులో పందులను తరిమినట్టే "హోయ్... హోయ్!" అని కేక పెట్టాను. తోడేలు మాయమైంది.

కఫీల్ తుపాకీ దించాడు. కారెక్కాడు. డ్రైవర్ రాజన్న తల పట్టుకున్నాడు.

"గిదేం పనిరా? అసలే సర్కారుకు నీ లెవీ కట్టుడు బరువైతున్నదంటుండు. ఎగ్జిట్ కొట్టిచ్చి ఊరికి తోలుతడు!"

భయపడాలి. ఎందుకో భయం రాలేదు.

ఊళ్లో నేను కేక పెడితే చేను అవతలి గట్టు నుంచి నా భార్య లక్ష్మి బదులు కేక పెట్టేది. వాళ్లు వెళ్లిపోయాక లైటు ఆర్పేసి, ఆ బదులు కోసం చాలాసేపు నిలబడ్డాను.