రాహేలు అడిగిన మట్టి

బుధవారం రాత్రి, గోదావరిఖని

పొద్దున ఆసుపత్రిలో నా భార్య రాహేలు రెండు చెంచాల జావ తాగింది. మధ్యాహ్నం నన్ను దగ్గరికి పిలిచింది.

"నన్ను కాల్చొద్దండీ. యూరప్‌లో మా యూదుల్ని లక్షల మందిని చంపి పొయ్యిల్లో కాల్చారని నాన్న చెప్పేవాడు. నన్ను మట్టిలో పెట్టండి."

సరేనన్నాను. సాయంత్రం అయిదింటికి ఆసుపత్రిలోనే పోయింది.

ఇంటికి తెచ్చాక పక్కింటి రాజవ్వ ఏడ్చింది. "ఒక్క శుక్రారం దీపం తప్పలే. మా వాడ లచ్చిందేవే పోయింది బిడ్డా!"

అవి యూదుల విశ్రాంతి దినానికి వెలిగించే సబ్బాతు దీపాలని పెళ్లయిన ఇరవై రెండేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. గుంటూరు వైపు ఆమె పుట్టింట్లో అందరి ఎదుటా వెలిగిస్తారు. ఇక్కడ ఆ సంగతి దాచమన్నది నేనే.

తర్వాత అన్న వచ్చాడు. "కట్టెలు చెప్పొచ్చిన. పొద్దుగాల గోదారి ఒడ్డుకు తీస్కపోదాం. నువ్వేం ఫికర్ చెయ్యకు."

తలూపాను. మట్టిలో పెడదామంటే ఎందుకని అడుగుతారు. మా పాప కుల సర్టిఫికెట్‌లో హిందూ ఎస్సీ అని ఉంది. మెడిసిన్ సీటు దాని మీదే వచ్చింది. తల్లి యూదురాలని తెలిసి ఎవరైనా ఫిర్యాదు పెడితే...

ఆ మాటే పాపతో అన్నాను.

"సీటు సంగతి తర్వాత, బాపు. అమ్మకు మాటిచ్చినవా, లేదా?"

తను వెళ్లి తల్లి పక్కన కూర్చుంది.

భయం తగ్గలేదు, తగ్గేలా లేదు. తెల్లవారగానే, కట్టెల ట్రాక్టర్ బయలుదేరకముందే, అన్న ఇంటికి వెళ్లి రాహేలు యూదురాలని చెబుతాను. అక్కడి నుంచి గుంత తవ్వే మనుషుల కోసం వెళ్తాను.