నా గుమ్మం ముందు మెట్టురాయి సంగతి

రాళ్లగెడ్డ పేట కాపురస్తుడు, తాపీమేస్త్రి దైవాధీనం అను నేను, అరవై రెండేళ్ల వయసులో, కాళ్లు పడిపోయినా బుద్ధి చెదరకుండా, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా. ఇంతకు ముందు రాసినవేవీ చెల్లవు. దీన్ని అమలు జరపవలసినవారు మా చర్చి పెద్ద యేసుపాదం గారు.

1. ఈ పేటలో సగం కట్టడాలు నా చేతివే. వాటిని ఎవరికీ రాయలేను, రాసినా పుచ్చుకోకండి. సున్నంలో కలపాల్సిన బెల్లం కంట్రాక్టరు సారాకు పోయింది. నోరు మూసుకుని కట్టాను. చర్చి కమాను నెర్రెలిచ్చింది, సత్రం గోడ రెండు వానలకే పొట్ట వేసింది. చూస్తే రోత పుడుతుంది.

2. పెంకుటిల్లు, పెరడు నా కొడుకు విశ్వాసానికి, కింది షరతులు నెరవేర్చాకే. లేదంటే చర్చికి. నా తాపీ, తూకం గుండు కోడలు అంతోనమ్మకు. గోడ వంకర కనిపెట్టే కన్ను ఈ ఇంట్లో ఆమెకే ఉంది.

3. గుమ్మం ముందు మెట్టురాయి నాది కాదు. 1891 చైత్రంలో దొరల బంగళా మెట్లకు రాళ్లు కావాలని కంట్రాక్టరు తొందరపెట్టాడు. పక్క కొండ ఊళ్లో మగవాళ్లంతా వేట పండగకు అడవికి పోయిన రోజు చూసి, వాళ్ల పెద్దలు కూర్చుని తగువులు తీర్చే ఏడు రాళ్లూ బండికెత్తించాను. ఆరు బంగళాకు, ఒకటి నా ఇంటికి. ఊరిపెద్ద గాసి వచ్చి, "మేస్త్రీ, ఆ రాయి మీద కూకునే మా తాతలు నాయం సెప్పినారు. నువ్వు కాలెట్టి తొక్కుతావేటి?" అన్నాడు. నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

ఆ రాళ్లు లేనిదే వాళ్లు కూర్చోరు. ముప్పై ఐదేళ్లుగా నిలబడే తగువులు తీరుస్తున్నారు. గాసి కొడుకు సుక్రు సంతకు వచ్చినప్పుడల్లా నాకు పసుపు కొమ్ములు తెచ్చి, మెట్టు తొక్కకుండా ఎగిరి లోపలికొచ్చేవాడు. కోతి వేషాలనుకున్నాను. మొన్న జుట్టు నెరిసిన ఆ సుక్రే మోకాలు పట్టుకుని దాటుతుంటే అప్పటికిగాని అర్థం కాలేదు.

ఆ రాయి సుక్రుకు, అతని ఊరికి. మిగతా ఆరూ బంగళా మెట్లలో సిమెంటు కింద ఉన్నాయి. వాటిని తేలేను, సిగ్గుగా ఉంది.

4. దాని మీద నా పేరు చెక్కించి సమాధికి వాడతానంటున్నాడు విశ్వాసం. ఒరే, బతికుండగా తొక్కింది చాలదా, చచ్చాక మీదేసుకోవాలా? నాకు మట్టి చాలు.

5. సుక్రు సాక్షిగా వేలిముద్ర వేస్తానంటే రైటరు వద్దన్నాడు. వీలునామాలో లాభం పొందేవాడు సాక్షి కాకూడదట. ఎవడి రాయి వాడికిస్తే లాభమట!

6. ముందు ఆ రాయి లేవాలి, తర్వాతే నా శవం లేవాలి. నన్ను మోసేవాళ్ల కాళ్లు కూడా దాని మీద పడకూడదు.

తేది: 14-5-1926, శుక్రవారం.

(సంతకం) మేస్త్రి దైవాధీనం

సాక్షులు:
జగన్నాథరావు, బడిపంతులు
తాతారావు, పెంకుల వ్యాపారి

రాసినవారు: సర్వేశ్వరరావు, దస్తావేజు రైటరు