వియ్యంకులు తాగిన నీళ్లు

జనగామ, ఏప్రిల్ 1979, మంగళవారం

ఈరోజు తరిగొప్పుల నుంచి ఎల్లవ్వ అనే పెద్దావిడ తమ బావి నీళ్లు సీసాలో పట్టుకుని మా నీటి పరీక్షల ల్యాబుకు వచ్చింది. మొన్న ఆమె ఇంట్లో భోజనం చేసిన వియ్యాలవారంతా చెంబులు పట్టుకుని పొలాలకు పరుగెత్తారట. తప్పు ఆమె వంటదేనని ఊరంతా చాటారట.

"నా పప్పుచారుకు వంక పెడ్తరా? నీళ్లే ఖరాబున్నయని రాసియ్యి బిడ్డా," అంది.

పరీక్ష కోసం బేరియం క్లోరైడ్ వేయగానే నీళ్లు పాలలా తెల్లబడ్డాయి.

"అయ్యో, మంచిగున్న నీళ్లల్ల గిదేంది కలిపినవ్?" అని నా చెయ్యి పట్టుకుంది.

ఆ తెలుపును మీటరులో కొలిస్తే సల్ఫేటు అనే లవణం హద్దు దాటింది. అలాంటి నీళ్లు కొత్తవాళ్లకు విరేచనాలు తెస్తాయని చెప్పి, కాగితం రాసిచ్చాను. ఆమె ఎన్నికల్లో గెలిచిన సర్పంచిలా నవ్వి, సంచిలోని డబ్బా తీసి నాకు చల్ల పోసింది. ఈ ఎండల దాహానికి నేను రెండు గ్లాసులు గటగటా తాగేశాక అనుమానం వచ్చింది.

"దీంట్ల ఏ నీళ్లు కలిపినవ్ అవ్వా?"

"ఇంకేడియి? మా బాయియే. మాకేం కాదు బిడ్డా, అలవాటే."

రేపు పొద్దున నీళ్ల నమూనాల కోసం భూపాలపల్లి బస్సెక్కాలి. భూపాలపల్లి దగ్గరి ఘనపూర్ దాటితే అంతా అడవే, చాటుకు ఫర్వాలేదు. ఘనపూర్ దాకా ఎలా అన్నదే...