పది చక్రాల లారీ ఎవరిది?

సాలూరు,
4-6-2017

విశాఖపట్నం చక్రం గేమ్స్ కంపెనీ వారికి,

సాలూరు లారీ డ్రైవరు గణపతిరావు కోపంతో రాయునది. నలభై ఏళ్లు స్టీరింగు పట్టినవాడిని. కుడికన్ను చెడ్డాక మా అబ్బాయి ధర్మేంద్ర నన్ను బండి ఎక్కనివ్వడం లేదు. అప్పటినుంచి మీ ఫోను ఆటలో కొన్న పది చక్రాల లారీయే నాకు దిక్కు. ఐదువందలు ఒక్కసారే కట్టాను. కొబ్బరికాయ కొట్టి, ఫోను కింద నిమ్మకాయ పెట్టి తొక్కించాను. రోజూ దానిమీద ఘాట్ ఎక్కితేగాని నాకు టీ దిగదు.

నిన్న చూస్తే లారీ లేదు, రోడ్డూ లేదు. వాయిదాలు ఎగ్గొట్టినవాడి బండి పట్టుకుపోయే ఫైనాన్సువాళ్లు కూడా ముందు నోటీసు ఇస్తారు. వెంటనే నా లారీ నాకు అప్పగించండి.

ఇట్లు,
గణపతిరావు

తా.క. లారీ వెనక 'రాజకుమారి' అని మా ఆవిడ పేరు రాయించాను. "నన్నెక్కడికి అట్టుకుపోనారో అడుగు" అంటోంది.

*

విశాఖపట్నం,
12-6-2017

గౌరవనీయులైన గణపతిరావు గారికి,

మీ లారీ పోయినందుకు విచారిస్తున్నాము. వాహనాల దొంగతనం మా పరిధిలోకి రాదు. దగ్గరి పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేయగలరు. మా ఆటలు ఆడుతూ ఆనందంగా ఉండండి.

భవదీయురాలు,
అనూరాధ,
వినియోగదారుల సేవ

తా.క. ఈ సమాధానానికి ఐదింట ఎన్ని చుక్కలు ఇస్తారో తెలుపగలరు.

*

సాలూరు,
17-6-2017

అనూరాధమ్మకు,

మీ మాట విని స్టేషనుకు వెళ్లాను. "ఆర్సీ ఏదీ? బండెక్కడెట్టినావు?" అన్నాడు ఎస్సై జగన్నాధం. "జేబులో" అన్నాను. నోటి దగ్గర మిషను పెట్టి "ఊదు" అన్నాడు. నలభై ఏళ్లలో ఒక్కనాడు తాగి నడపనివాణ్ణి, పట్టపగలు పదిమందిలో ఊదాను.

పోయింది మీ ఆటలో లారీ, తల్లీ. తీసింది మీరే. గేదెను అమ్మినవాడు రెండేళ్ల తర్వాత వచ్చి కొన్నవాడి పెరట్లోంచి విప్పుకుపోతే మా ఊళ్లో చెట్టుకు కట్టేస్తారు. మిమ్మల్ని ఏ చెట్టుకు కట్టాలి?

మండిపోతూ,
గణపతిరావు

తా.క. చుక్కలు అడిగారు. పట్టపగలే చూపించారు కదా, చాలవా?

*

విశాఖపట్నం,
28-6-2017

గణపతిరావు గారికి,

మీరు కొన్నది లారీని కాదు, ఆడుకునే అనుమతిని మాత్రమే. దాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని నలభై ఏడు పేజీల నిబంధనల్లో ఉంది. 'ఒప్పుకుంటున్నాను' అని మీరే నొక్కారు. లాభం లేక ఆ ఆట ఆపేశాము. ఇక ఉత్తరాలు రాయవద్దు. ఆఫీసును రాయపూరుకు మారుస్తున్నాము, సామాను ఇవాళే లారీకెత్తించాము.

భవదీయురాలు,
అనూరాధ

తా.క. నా టిఫిన్ డబ్బా కూడా పొరపాటున అందులోనే వెళ్లిపోయింది. ఇవాళ నా మనసు కూడా బాగాలేదు, దయచేసి అర్థం చేసుకోండి.

*

సాలూరు,
1-7-2017

అమ్మా అనూరాధా,

రాయపూరు దారి సాలూరు మీదుగానే. మీరు మాట్లాడుకున్నది మా ధర్మేంద్ర లారీ. అన్నానికని ఇంటి ముందు ఆపితే టార్పాలిన్ ఎత్తి చూశాను, ప్రతి పెట్టెమీదా మీ కంపెనీ పేరే. ఇప్పుడు తాళం నా మొలతాడుకుంది.

కిరాయి కట్టారు, కాదనను. అయితే మీరు కొన్నది ప్రయాణాన్ని కాదు, మా బండిలో సామాను పెట్టుకునే అనుమతిని మాత్రమే. "తాళమిచ్చీ నాన్నా, కేసెట్టేస్తారు" అని ధర్మేంద్ర మొత్తుకుంటున్నాడు. పెట్టుకోండి.

నా ఏడుపు ఐదువందల కోసం కాదు. కన్ను పోయినా నేను డ్రైవరునేనని రోజుకో గంట నాకు నమ్మకమిచ్చింది ఆ లారీ ఒక్కటే. అది నా ఫోనులోకి వచ్చిన గంటలో మీ సామాను ఘాట్ ఎక్కుతుంది.

ఇట్లు,
గణపతిరావు, డ్రైవరు

తా.క. మీ టిఫిన్ డబ్బాను బస్సు డ్రైవరు గంగులు చేతికిచ్చి పంపాను. ఖాళీగా ఇవ్వకూడదని మా ఆవిడ జంతికలు పెట్టింది. మీ మేనేజరుగారి తిరిగే కుర్చీ మాత్రం దింపి వాకిట్లో వేసుకున్నాను. అది నాది కాదమ్మా, నాకు కూర్చునే అనుమతి మాత్రమే ఉంది.