పద్నాలుగు సార్లు అడిగిన పేరు

ఆగస్టు 9, ఉదయం

ఇహ్వా అన్నది తప్పు. నాకు మనుషులతో మాట్లాడడం చేతకాక కంప్యూటర్‌తో మాట్లాడుతున్నానట. నా మనవరాలన్నాక ఆ మాత్రం నోరుండాలి. కాని నిజమేమిటంటే, కంప్యూటర్ కూడా నా మాట వినడం లేదు.

నిన్న తుపానుకి ఏటిగట్టు తెగి దిగువ వీధి మొత్తం కొట్టుకుపోయింది. దొరికినవాళ్ళని హెలికాప్టర్లలో నాలుగు ఊళ్ళ ఆసుపత్రులకు చేర్చారు. ఎవరు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. నేను ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పిన బడే ఇప్పుడు శిబిరం. ఆసుపత్రుల పట్టికలన్నీ నాకే వస్తున్నాయి. వాటిలో వెతికే ప్రోగ్రాం నేను పైథాన్‌లో రాస్తున్నాను. జనం ఫోన్లో చూసే పేజీని ఇహ్వా తైపేలో కూర్చుని జావాస్క్రిప్ట్‌లో రాస్తోంది. పేరు, పుట్టిన తేదీ కొడితే మనిషి ఏ ఆసుపత్రిలో ఉన్నాడో చెప్పాలి. అంతే.

సాయంత్రం 4

అంతే అనుకున్నాను. నా ప్రోగ్రాం జవాబు పంపుతోంది, బ్రౌజర్ దాన్ని పేజీకి చేరనివ్వడం లేదు. వేరే అడ్రస్ నుంచి వచ్చింది కాబట్టి పరాయిదట. ఆ పేజీకి అనుమతి ఉందని నా వైపు ఒక లైను రాయాలి. ఆ ఒక్క లైనుకే నాలుగు గంటలు పోయాయి. మధ్యలో ఇహ్వా తేదీల గురించి ఏదో అడగబోయింది. ప్రతిదీ నన్నడక్కు, చదువుకున్నదానివేగా అని ఫోన్ పెట్టేశాను.

ఆగస్టు 10

ఇరవై ఆరుగురు దొరికారు. కృతజ్ఞతగా అందరూ నాకు ఉడికించిన గుడ్లు తెచ్చి పెడుతున్నారు. ఇంకొక్క గుడ్డు తింటే నేను కూడా ఆ పట్టికలో చేరతాను.

ఆగస్టు 11, మధ్యాహ్నం

సోయాపాల దుకాణం లువాన్ మళ్ళీ వచ్చింది. ఆమె భర్త తియెన్‌ఫా జాడ లేదు. ఎన్నిసార్లు కొట్టినా లేరనే వస్తోంది టీచరుగారూ, మీరొకసారి చూడరూ అంది. నా చేతిలో కొత్త పట్టిక ఉంది. కళ్ళజోడు పెట్టుకుని కొట్టు, నీ వేళ్ళు సోయాగింజలు రుబ్బడానికి తప్ప ఎందుకూ పనికిరావు అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ఆగస్టు 12

ఇంకా వెతుకుతున్నవాళ్ళలో ముసలివాళ్ళే మిగిలారు. విచిత్రం.

ఆగస్టు 13, ఉదయం 10

పేజీ నుంచి నా ప్రోగ్రాంకి వచ్చిన ప్రశ్నలన్నీ ఇవాళ తీసి చదివాను. కో తియెన్‌ఫా, 1938 మే 7. పద్నాలుగు సార్లు, ఒకే ఫోన్ నుంచి. ఆసుపత్రి పట్టికలో కో తియెన్‌ఫా ఉన్నాడు. 1949 మే 7.

పదకొండేళ్ళ తేడా. మా దేశపు గుర్తింపు కార్డుల మీద ఉండేది మా రిపబ్లిక్ పుట్టినప్పటి నుంచి లెక్కపెట్టే సంవత్సరం. దానికి పంతొమ్మిది వందల పదకొండు కలిపితే మిగతా ప్రపంచం లెక్క వస్తుంది. లువాన్ కార్డు మీద ఉన్నట్టే 38 అని కొట్టింది. జావాస్క్రిప్ట్‌కి రెండంకెలిస్తే తనంతట తానే ముందు పంతొమ్మిది తగిలించుకుంటుంది. తప్పు అని కూడా అనదు. వయసులో ఉన్నవాళ్ళు నాలుగంకెలూ కొట్టారు, వాళ్ళ మనుషులు దొరికారు. పేజీలో కొట్టే ఏడాదికి ఇహ్వా కలుపుతుందని నేననుకున్నాను. నేను కలుపుతానని ఇహ్వా అనుకుంది.

ఇహ్వాకి ఫోన్ చేసి చెప్పాను. ఏడాది ఏ లెక్కలో పంపాలని ఆ రోజు నేను అడగబోయింది అదే అమ్మమ్మా అంది.

దిద్దడానికి ఒక్క లైను పట్టింది. నలుగురు ముసలివాళ్ళు ఒక్కసారిగా దొరికారు.

ఉదయం 11:30

ఆసుపత్రికి ఫోన్ చేశాను. తియెన్‌ఫా ఇవాళ పొద్దున ఆరింటికి పోయాడు.

నిన్నటిదాకా స్పృహ ఉందట. సోయాపాలిస్తే, ఇవి పాలా, గిన్నె కడిగిన నీళ్ళా, మా ఆవిడని పిలవండి అన్నాడట. ఆవిడ ఫోన్ నంబరు చెప్పండి తాతా అని నర్సు అడిగిందట. పొద్దస్తమానం ఎదురుగా ఉండే మనిషికి నంబరెందుకూ అన్నాడట.

సాయంత్రం

లువాన్‌కి చెప్పాను. మెషీన్ తప్పు అనలేదు, ఇహ్వా తప్పు అనలేదు. అడగనివ్వనిది నేను, చూడమంటే చూడనిది నేను అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు. తన వేళ్ళు చూసుకుంది. మీరు చెప్పాక కళ్ళజోడు అరువు తెచ్చుకుని మరీ కొట్టాను టీచరుగారూ, నా వేళ్ళే తప్పు కొడుతున్నాయనుకున్నాను అంది.

ఆగస్టు 14

ఏడున్నర బస్సుకి లువాన్‌తో ఆసుపత్రికి. లువాన్ గుర్తింపు కార్డు, సంతకం బదులు వేయడానికి ఆమె పేరున్న చెక్క ముద్ర తీసుకోవాలి. తడిబట్టలకి రెండు ప్లాస్టిక్ సంచులు. ఆసుపత్రిలో తియెన్‌ఫా చొక్కా, బెల్టు, ఎడమకాలి చెప్పు ఇస్తారట. రెండో చెప్పు కూడా అడగాలి. మర్యాదగా.