మేజోళ్లు తొడిగిన జొన్న

జొన్న పరిశోధన కేంద్రం,
రెడ్‌గమ్ హిల్, క్వీన్స్‌లాండ్
1975 జనవరి 9

శ్రీ విల్ఫ్ జెల్లర్ గారికి,

నమస్కారాలు. మీ వాగు పక్క పొలం చెక్కను ఈ ఒక్క పంటకు మాకిచ్చినందుకు కృతజ్ఞతలు. మా వాళ్లు నిన్నటితో విత్తడం ముగించారు. సాలుకో రకం జొన్న వేశాం. ప్రతి సాలు మొదట్లో అంకె వేసిన మేకు ఉంటుంది, దాన్ని మాత్రం కదిలించకండి. కంకి ఈగను తట్టుకునే రకం వీటిలో ఒక్కటైనా ఉండకపోతుందా అని ఆరేళ్లుగా ఎదురుచూస్తున్నాం.

మీ ఊరు మాకు చాలా దూరం. నేను తరచుగా రాలేను. అందుకని దయచేసి దాన్ని మీ సొంత పంటలాగే చూసుకోండి. ఇంతకంటే ఏమీ అడగను.

భవదీయురాలు,
డాక్టర్ మార్గొట్ ఫెన్‌విక్

తా.క. మా డ్రైవరు మీ ఇంట్లో వేడివేడిగా కాల్చిన గుమ్మడికాయ స్కోన్‌లు తిన్నాడట. అప్పట్నుంచీ మా క్యాంటీన్‌లో ఏది పెట్టినా మొహం చిట్లిస్తున్నాడు.

---

వాగు మలుపు,
మార్చి 3

డాక్టరమ్మ గారికి,

విల్ఫ్ జెల్లర్ రాయునది. ఇక్కడ అందరం క్షేమం, మీ జొన్నతో సహా.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుంది నా సంగతి. అందరూ కోతలు ముగిస్తుంటే నా చేలో కంకులు ఇప్పుడిప్పుడే పొట్ట విప్పుతున్నాయి. పక్క పొలం హోరీ రోజూ కంచె దగ్గర ట్రక్కు ఆపుతాడు. "ఏం విల్ఫ్, కేలండరు చూడ్డం మానేశావా? లోర్నా ఉంటే చూపించేది" అంటాడు. లోర్నా నా భార్య. పోయి నాలుగేళ్లయింది. ఆ మాట ఇంకెవరన్నా నాకు కోపం వచ్చేదే. హోరీ మా పెళ్లిలో తోడు పెళ్లికొడుకు కాబట్టి వాడికి చెల్లింది.

మా పెళ్లయిన కొత్తలో ఒక ఏడు వానలు బాగా వెనకబడ్డాయి. మేమూ ఇలాగే జనవరిలో, ఇదే చెక్కలో విత్తాం. కంకులు చూడ్డానికి ఎంత అందంగా ఉండేవో. కోత ముందు లోర్నా ఒక కంకి తెంపి, అరచేతిలో నలిపి, ఉఫ్ అని ఊదింది. చేతిలో ఒక్క గింజ మిగల్లేదు. అంతా తాలు. ఆ ఖాళీ చేతిని చాలాసేపు చూసుకుని, ఆప్రాన్‌కి తుడుచుకుని, "పద, టీ పెడతాను" అంది. ఈగ మమ్మల్ని దోచుకుపోయిందని తర్వాత తెలిసింది. మీ డ్రైవరు చెక్క అడగ్గానే ఎందుకు సరేనన్నానో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది. ఊదితే ఎగిరిపోని లేటు జొన్నను ఒక్కసారి చూసి పోవాలని ఉంది.

ఇట్లు,
విల్ఫ్ జెల్లర్

తా.క. మీ సాళ్లలో ఆ నారింజ రంగు ఈగలు కనిపించాయి. మీరేం కంగారుపడకండి. సొంత పంటలాగే చూసుకోమన్నారుగా, నిన్న చేనంతా మందు కొట్టేశాను. థాంక్సులు చెప్పకండి. ఇరుగూ పొరుగూ అన్నాక ఆ మాత్రం చేసుకోమా.

---

రెడ్‌గమ్ హిల్,
మార్చి 7

జెల్లర్ గారికి నమస్కారాలు.

మీ తాజా కలం చదివి కుర్చీలో కూలబడ్డాను.

మాకు కావలసింది ఆ ఈగలేనండీ. ప్రశ్నపత్రం ఇవ్వకుండా పరీక్ష పెడితే అందరూ పాసే. ఈగ రాని చేలో ఏ జొన్న గట్టిదో, ఏది మెత్తదో ఎవరు చెప్పగలరు? అందరి పొలాల్లోనూ ఈగ బాగా పెరిగాక మన కంకులు పూతకు రావాలనే పనిగట్టుకుని జనవరిలో విత్తాం. చుట్టూ అంచు సాళ్లలో మెత్తటి రకం వేసింది కూడా వాటికి విందు చేయడానికే.

మీకు ఇదీ చెప్పాలి. ఈ పంటలో ఒక్క గట్టి రకమైనా తేలకపోతే మా విభాగం మూసేస్తామని పై ఆఫీసు వాళ్లు రాశారు. ఆరేళ్ల విత్తనాలు గోదాములో పడేసి నన్ను వేరుశెనగకు పంపిస్తారు. వేరుశెనగ మీద నాకు పగ లేదు, కానీ నా మనసు జొన్నలోనే ఉంది.

ఇంకా సగం కంకులు పూతకు రాలేదు కాబట్టి ఆశ ఉంది. ఇకమీదట ఈగలొస్తే రానివ్వండి.

భవదీయురాలు,
మార్గొట్ ఫెన్‌విక్

తా.క. కోపంగా రాశాననుకోకండి. కొంచెం కోపంగానే రాశాను. కానీ తప్పు నాది. 'సొంత పంటలాగే' అన్నది మర్యాదకు రాసిన మాట. దాన్ని నిజంగా పాటించే మనిషి ఉంటారని అనుకోలేదు.

---

వాగు మలుపు,
మార్చి 16

డాక్టరమ్మా,

మంచికి పోతే చెడు ఎదురైందని రెండు రోజులు అన్నం సయించలేదు. అందుకే చేసిన తప్పు దిద్దుకున్నాను.

ఈగలొస్తే రానివ్వమన్నారు. మందు కొట్టి తరిమిన ఇంటికి అవి వాటంతట అవి ఎందుకొస్తాయి? మనమే మర్యాదగా పిలుచుకు రావాలి. హోరీ కంచె పక్కన కోత తర్వాత మళ్లీ మొలిచిన పిలకలకు కంకులొచ్చాయి, ఒక్కోదాని నిండా ఈగే. వాటిని కోసి, గోనెసంచుల్లో వేసి, ట్రక్కులో తెచ్చి మీ సాళ్ల మధ్య తీగెలకు వేలాడదీశాను.

హోరీ చూశాడు. శనివారం రైతుల హాల్లో లేచి నిలబడి, మన ఊళ్లో ఒక పెద్దమనిషి ఈగల్ని ట్రక్కులో ఊరేగిస్తున్నాడు, నా కళ్లతో చూశాను అన్నాడు. ఇది సైన్సు అన్నాను. ఆ తర్వాత టీ పళ్లెం అందరి దగ్గరికీ తిరిగింది, నా వరుస దాకా రాలేదు. లోర్నా పోయాక ఇంకొకరు పెట్టిన టీ నేను తాగేది ఆ హాల్లోనే. ఇంటికొచ్చి నేనే పెట్టుకున్నాను, బాగా లేదు.

అయినా ఈగలు మాత్రం వచ్చాయమ్మా. చేను మీద మబ్బులా ఉన్నాయి.

ఇట్లు,
విల్ఫ్

తా.క. కొన్నింటిని సీసాలో పెట్టి చక్కెర నీళ్లు పోశాను. తెల్లారేసరికి అన్నీ చచ్చాయి. హోరీకి కోపమున్నా సీసా చూసి ఊరుకోలేకపోయాడు. "మందుకు చావనివి కూడా నీ మర్యాదకు చచ్చాయి" అని పోయాడు. వాటికి ఏం పెట్టాలో రాయగలరు.

---

రెడ్‌గమ్ హిల్,
మార్చి 28

విల్ఫ్ గారూ,

ఏమీ పెట్టకండి. కంకి ఈగ బతికేది ఒక్క రోజు. పొద్దున పుట్టి, పూతలో గుడ్లు పెట్టి, సాయంత్రానికి పోతుంది. చక్కెర నీళ్లు తాగే తీరిక దానికెక్కడిది?

గురువారం వచ్చాను. మీరు పట్నం వెళ్లారట. ఇంత దరిద్రంగా ఈగలు ముసిరిన చేను చూసి ఇంత సంతోషపడటం నా జీవితంలో మొదటిసారి. ఎందులో గింజ పట్టిందీ ఇప్పుడే తెలియదు. మేలో వచ్చి చూస్తాను. అప్పటిదాకా మీరిక ఈగల్ని తేవద్దు, చంపవద్దు. పిట్టల్ని మాత్రం కాచుకోండి. పూత అయిపోగానే ప్రతి సాలులో రెండు కంకులకు సంచులు తొడగండి. మా స్టోరు నుంచి సంచులు ఎప్పుడొస్తాయో తెలియదు. రాకపోతే గాలి ఆడే గుడ్డ ఏదైనా సరే.

మీ రైతుల సంఘానికి కూడా రాశాను. ఈగల నేరం మొత్తం నాదేననీ, మీకు టీ ఇవ్వమనీ.

ఇట్లు,
మార్గొట్

తా.క. స్కోన్‌ల గురించి డ్రైవరు చెప్పింది తక్కువే. తాళం వేయని వంటింట్లో మూత పెట్టిన పళ్లెం చూస్తే ఆగలేకపోయాను.

---

వాగు మలుపు,
మే 2

అమ్మా మార్గొట్,

ఈ ఉత్తరం రాయడానికి చెయ్యి రావడం లేదు.

పళ్లు కట్టించుకోవడానికి టూవుంబా పట్నం వెళ్లాను. అక్కడ వాన పట్టుకుంది, వాగు పొంగి దారి తెగింది. వారం తర్వాత గానీ ఇల్లు చేరలేదు. వచ్చి చూద్దును కదా, చేను మీద గలా చిలుకలు. గులాబీ రంగు రొమ్ములు విరుచుకుని, అత్తారింటికొచ్చిన అల్లుళ్లలా కూర్చున్నాయి.

పద్నాలుగో సాలు, ముప్పై రెండో సాలు పూర్తిగా నాకేశాయి. ఉత్త కాడలు మిగిలాయి. వింతేమిటంటే తక్కిన సాళ్ల జోలికే పోలేదు. అవి నిక్షేపంలా నిలబడి ఉన్నాయి. ఆ రెండింటి మీదే వాటికేం పగో నాకు తెలియదు.

చెడినవి రెండేగా అని మీరు అనవచ్చు. కానీ పరీక్ష చెడింది కదా. మీ ఆరేళ్ల కష్టం నా పళ్ల పాలయింది. మీరు వేరుశెనగకు వెళ్తే అది నా వల్లే. క్షమించమని అడగడానికి మొహం లేదు. హోరీ ఇవాళ ఫ్లాస్కులో టీ తెచ్చి కంచె దగ్గర నా పక్కన నిలబడ్డాడు.

ఇట్లు,
విల్ఫ్

తా.క. సంచులు రాలేదు. గాలి ఆడే గుడ్డ కోసం వెతికి, నాలుగేళ్లుగా తియ్యని లోర్నా సొరుగు తీశాను. నిండా నైలాన్ మేజోళ్లు. చిరిగినవి కూడా టొమాటో మొక్కలు కట్టుకోవచ్చని దాచేది. ఒక్కోదాన్ని ముక్కలు చేసి, ముడేసి, టూవుంబా వెళ్లకముందే సాలుకు రెండేసి కంకులకు తొడిగాను. అవి మాత్రం చిలుకలకు అందలేదు. రోడ్డు మీద లారీలు చేను దగ్గర నెమ్మదిస్తున్నాయి. పాస్టరు గారు మాత్రం తల అటు తిప్పుకుని వెళ్తున్నారు.

---

రెడ్‌గమ్ హిల్,
మే 6

విల్ఫ్ గారూ,

దయచేసి ఆ నిక్షేపంలా ఉన్న సాళ్లలోకి వెళ్లి ఒక కంకి తెంపండి. లోర్నా గారిలాగే నలిపి ఊదండి. మిగిలేది ఏమిటో నేను ఇక్కణ్నుంచే చెప్పగలను.

ఖాళీ ఇంటికి ఏ దొంగైనా కన్నం వేస్తాడా? గలాలకు జొన్న మీద పగ లేదు, ఆకలి ఉంది. గింజ ఉన్నచోటే వాలాయి. మీ ఈగల మబ్బులో నిలబడి గింజ పట్టినవి ఆ రెండు సాళ్లేనండీ. నేను మేలో వచ్చి కళ్లద్దాలు పెట్టుకుని చెప్పాల్సిన తీర్పు అవి ముందే చెప్పేశాయి.

విత్తనం పోయిందని ఏడ్చేదాన్నే. మీ తాజా కలం దాకా వచ్చేసరికి నిజంగానే ఏడ్చాను, కానీ వేరే కారణానికి. ఆదివారం వస్తున్నాను. చిలుకలు తిన్న ఆ రెండు సాళ్లలో మన విత్తనం మేజోళ్లలోనే మిగిలింది, వాటిని మీరు ముట్టుకోవద్దు, నేనే విప్పుతాను.

మీ
మార్గొట్

తా.క. పై ఆఫీసుకు నివేదిక రాయాలి. 'కంకులకు తొడిగిన రక్షణ కవచాలు' అని రాస్తాను. సాక్ష్యం అడిగితే పాస్టరు గారి పేరు చెబుతాను.

---

వాగు మలుపు,
1976 మే 11

అమ్మా మార్గొట్,

నువ్వు డబ్బాలో పంపిన పద్నాలుగో సాలు విత్తనం జనవరిలోనే వేశాను, అదే చెక్కలో. ఈగ పోయినేటి కంటే ఎక్కువే వచ్చింది. నేను దానికి మందూ కొట్టలేదు, మర్యాదా చేయలేదు.

ఇవాళ పొద్దున ఒక కంకి తెంపి అరచేతిలో నలిపాను. ఊదడానికి భయమేసి కాసేపు అలాగే నిలబడ్డాను. తర్వాత ఊదాను. పొట్టు మొత్తం ఎగిరిపోయింది. గింజలు చేతినిండా అలాగే ఉన్నాయి.

నాకు ఏడుపొచ్చింది. చూపించడానికి పక్కన లోర్నా లేదు. అందుకే నీకు రాస్తున్నాను. మీ విభాగం నిలిచిందని ముందే రాశావు గానీ, ఈ మాట కూడా నీకు తెలియాలి. ఆ గింజలు జేబులో వేసుకుని ఇంటికొచ్చి టీ పెట్టుకున్నాను. ఇవాళ బాగానే కుదిరింది.

ఇట్లు,
విల్ఫ్

తా.క. చీకటి పడ్డాక హోరీ వచ్చాడు. వచ్చే ఏడు తనూ ఒక చెక్కలో ఈ జొన్న వేస్తాడట, గుప్పెడు విత్తనం కావాలన్నాడు. ఇస్తానన్నాను. వెళ్లబోతూ అటూ ఇటూ చూసి, చొక్కాలోంచి భార్య మేజోళ్ల జత తీసి నా చేతిలో పెట్టాడు. "వచ్చే ఏడు నా కంకులకు. అప్పటిదాకా నీ దగ్గర దాచు. ఆవిడ చర్చికి వేసుకునేవి" అన్నాడు.