బొట్టు పెట్టిన టికెట్

3 నవంబర్ 2025, సోమవారం

హౌస్‌ఫుల్.

పొద్దున పదింటికి బుకింగ్ తెరిచారు. ఆ టైమ్‌లో నేను గడ్డపోతారంలో, మా మందుల కంపెనీ క్యూఏ (నాణ్యత తనిఖీ) గదిలో, బ్యాచ్ రికార్డులు సరిచూస్తున్నాను. ఫోన్ లాకర్‌లో. లంచ్‌కి బయటికొచ్చి చూస్తే యాప్‌లో ప్రతి సీటూ బూడిదరంగులోకి మారిపోయింది.

అమ్మకు చెప్పలేదు. చెప్పడానికి, నేను టికెట్లు కొనబోతున్నానని ఆమెకు తెలిస్తే కదా.

ఆ నాటకం అమ్మకు కంఠతా వచ్చు. చూసి కాదు. పెళ్లయి సదాశివపేట నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్న క్యాసెట్ విని. పటాన్‌చెరు అంగడిలో మా కిరాణా దుకాణం వెనక గదిలో కూర్చుని చింతపండు గింజలు తీస్తూ రాజు పద్యాలు, రాణి పద్యాలు, మంత్రి దగ్గు, అన్నీ తనే వినిపిస్తుంది. అడవిలో రాణి పాడే పద్యం మూడో పాదం దగ్గర మాత్రం ఆగుతుంది. అక్కడ టేపు నలిగిపోయింది. గొంతులోనే గరగరమని ఒక శబ్దం తీసి నాలుగో పాదం అందుకుంటుంది. ఆ గరగర కూడా పద్యంలోదే అనుకున్నాను చిన్నప్పుడు.

అదే నాటక సమాజం, అదే నాటకం. పదహారు, ఆదివారం సాయంత్రం, హైదరాబాద్‌లో. ఒకే షో.

4 నవంబర్, మంగళవారం

స్నేహలతకు చెప్పాను. నా పక్క టేబుల్. రీసేల్‌లో దొరుకుతాయి గని పైలం పిల్లా అంది. వాళ్ల అన్న క్రికెట్ మ్యాచ్‌కి ఎవరి దగ్గరో పీడీఎఫ్ కొన్నాడట. అసలు టికెట్టే. గేటు దగ్గర స్కాన్ చేస్తే, ఇది ఇందాకనే లోపలికి పోయిందన్నారట. ఒక్క పీడీఎఫ్‌ని ఎంతమందికి అమ్మాడో వాడికే తెలియాలి. మా అన్న స్టేడియం బయట నిలవడి అరుపులు ఇని స్కోరు లెక్కవెట్టుకున్నడే అని స్నేహలత నవ్వింది. నాకు నవ్వు రాలేదు. గేటు బయట అమ్మను నిలబెట్టుకున్నట్టు ఊహించుకున్నాను.

6 నవంబర్, గురువారం

ఫేస్‌బుక్ గ్రూపులో జయంత్ అనే ఒకడు తగిలాడు. డీపీలో దేవుడి ఫోటో. రెండు సీట్లున్నయి మేడం, జల్దీ చెప్పండి, ఇంకో ఇద్దరు అడుగుతున్నరు, నంబర్‌కి పైసలు కొట్టేయండి, పంపేస్తా అన్నాడు. టికెట్ ఫోటో కూడా పెట్టాడు.

కాగితంలో అబద్ధం వెతకడమే నా ఉద్యోగం. జీతం ఇచ్చేది అందుకే. జూమ్ చేశాను. "16 నవంబర్, శనివారం" అని ఉంది. పదహారు ఆదివారం. సీటేమో R వరుస. హాలుకే ఫోన్ చేసి అడిగాను. ఎత్తినాయన, మా కాడ N తోనే ఆఖరమ్మా, R అంటే బయట మిర్చి బండి పక్కన కూసోవాలె అన్నాడు.

జయంత్‌ని వారం గురించి అడిగాను. బ్లాక్ చేశాడు.

7 నవంబర్, శుక్రవారం

ఇంకో ముగ్గురు. ముగ్గురికీ అర్జెంటే. ముగ్గురి ఇళ్లలోనూ ఎవరో ఒకరు ఆస్పత్రిలోనే.

9 నవంబర్, ఆదివారం

నాటక సమాజం పేజీ కింద కామెంట్లలో రేఖ అనే ఆవిడ కనిపించింది. మియాపూర్. రెండు టికెట్లు ఉన్నయి, పాపకు చికెన్‌పాక్స్, రాలేము అని రాసింది. మళ్లీ రోగమే. అయినా ఈమె తొందర పెట్టలేదు. మెసేజ్ పెడితే ఫోన్ చేసింది. వెనకాల ఒక పిల్ల గోక్కుంటానని ఏడుస్తోంది. ఏడుపుకి ఫాంట్ తేడాలుండవు కదా, నమ్మబుద్ధేసింది. అక్కడే నన్ను నేను ఆపుకున్నాను.

స్క్రీన్‌షాట్ పంపుత, పైసలు మెల్లగ వెయ్యి చెల్లె అంది. వద్దన్నాను. బుక్ చేసిన యాప్‌లోనే రీసేల్ ఉంది, అందులో పెట్టమన్నాను. అలా అమ్మితే పాత క్యూఆర్ చచ్చిపోయి, నా పేరుతో కొత్తది పుడుతుంది. డబ్బు కూడా యాప్ చేతిలోనే ఉంటుంది, షో అయ్యాక ఆమెకు చేరుతుంది.

ఆమెకు కోపమొచ్చింది. నేనేమన్న దొంగనా అంది.

కాదక్కా, మీరు కూడా నన్ను నమ్మకండి అన్నాను. స్క్రీన్‌షాట్ తీసుకుని నేను మాయమైతే మీరేం చేస్తారు?

పిల్లను ఊరుకోబెట్టింది. తర్వాత, అయితే ఆ బటన్ ఏడుందో జెర సూపియ్యి, నాకు గివన్ని రావు అంది. పిల్లకు వేపాకు విసురుతున్న అంటూనే, నేను చెప్పినట్టు నొక్కుకుంటూ పోయింది. చివరి బటన్ మాత్రం రేపు సాయంత్రం ఇద్దరం మాట అనుకుని నొక్కాలని ఒప్పందం. రీసేల్‌లో పెట్టగానే ఎవరైనా ఎగరేసుకుపోవచ్చు మరి.

10 నవంబర్, సోమవారం. కంపెనీ బస్‌లో

దొరికాయి!

కాజీపల్లి దాటేదాకా సిగ్నల్ లేదు. రేఖక్క "పెట్టిన" అని మెసేజ్ పెట్టింది. నాకు తెల్లటి తెర తప్ప ఏమీ లేదు. లేచి డ్రైవర్ పక్కకు పోయాను, వెనక్కి పోయాను, ఫోన్ కిటికీ బయటికి చాపాను. ఒడిశా ఆపరేటర్ ఒకతను క్యా హువా దీదీ, ఘర్ పే సబ్ ఠీక్? అని ఇంట్లో ఎవరికైనా ఏమైందేమోనని అడిగాడు. అప్పుడే తెర నిండింది, గబగబా డబ్బు కట్టేశాను. జె-11, జె-12. నా పేరు. త్రివేణి.

అరిచాను. బస్సంతా తిరిగి చూసింది. నాటక్ కా టికెట్ అని చెప్తే, కొత్త నౌకరీ దొరికిందనుకున్నా అని అతను నిరాశపడ్డాడు.

11 నవంబర్, మంగళవారం

అమ్మకు చెప్పాను. చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. తెర లేస్తదా అని అడిగింది. లేస్తుందన్నాను. లేసినంక రాణి నిజంగ నిలవడి ఉంటదా అంది. ఉంటుందన్నాను.

తర్వాత ఆ మొహం మీద షట్టర్ దిగడం నా కళ్లతో చూశాను.

షో ఆరున్నరకు. అంటే దీపం వేళకు అమ్మ ఇక్కడ ఉండదు. పొద్దుగూకేటప్పుడు దుకాణంలో గల్లాపెట్టె దగ్గర దీపం పెట్టాల్సింది ఇంటి కోడలు. మా నానమ్మ పెట్టేది, ఆమె తర్వాత అమ్మ. అందుకే అమ్మ ఏ పెళ్లికి పోయినా మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేస్తుంది. సాయంత్రం బయటి ఊరు ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. పైగా ఇది కార్తీకం.

నువ్వు, స్నేహలత పొండే, నాకు వచ్చి చెప్పు అంది. నేను వంటింట్లోకి పోయి గిన్నెలు గట్టిగా తోమాను.

13 నవంబర్, గురువారం

సంగారెడ్డి నుంచి మేనత్త కౌసల్యమ్మ ఫోన్. ఎవరు మోశారో కబురు. కార్తీకంల దుకాణానికి దీపం వెట్టకుండ ఆటలకు పోతదా వదిన, లచ్చిమి ఉంటదా ఇగ అని నాన్నను నిలదీసింది. స్పీకర్‌లో. గిరాకీలు కూడా విన్నారు.

నాన్న కందిపప్పు తూకం ముగించాడు. పొట్లం కట్టాడు. దారం తెంపాడు. అప్పుడన్నాడు, దీపం నేను వెడత.

నువ్వా అంది అత్త.

నేనే, నా దుకాణం గాదా అన్నాడు.

దూరం నుంచి చూసి పసుపులో కల్తీ చెప్పగలడు నాన్న. కానీ ఇంట్లో అగ్గిపెట్టె ఎక్కడుంటుందో తెలియదు. అమ్మ తలుపు పక్కన నిలబడి, మీకు ఒత్తి చెయ్యొస్తదా ఏంది అంది. మాట ఎగతాళిగా ఉంది, గొంతు మాత్రం అలా లేదు.

14 నవంబర్, శుక్రవారం

అమ్మ ఆకుపచ్చ చీర తీసింది. మళ్లీ పెట్టింది. మళ్లీ తీసింది.

15 నవంబర్, శనివారం

ఫోన్ల ఉంటే సాలదు, చేతుల కాయితం లేకుంటె గేటు కాడ ఎవడు ఇడుస్తడే అంటుంది అమ్మ. జిరాక్స్ షాపులో టికెట్లు ప్రింట్ తీయించాను. అమ్మ రెండు చేతులతో అందుకుంది. దేవుడి దగ్గర పెడతానని లోపలికి పోయింది. కవర్‌లో పెట్టి తన సంచిలోనే దాచుకుంది. నన్ను ముట్టుకోనివ్వలేదు.

17 నవంబర్, సోమవారం, పొద్దున

నిన్న రాయలేదు. నిన్నటిది వరుసగా రాయాలి, లేకపోతే పోతుంది.

క్యాబ్‌లో అమ్మ కిటికీ నుంచి కదల్లేదు. లైట్లు వెలుగుతున్నాయి. గిప్పుడు ఇంతమంది బయటనే ఉంటరానే అంది. అప్పుడే నాన్న ఫోన్. అగ్గిపెట్టె ఏడున్నది? అమ్మ చెప్పింది, గల్లా ఎనక, ఊదుబత్తుల డబ్బ పక్కకు. నూనె ఎంత? కొంచమే. కొంచమంటే ఎంతనే అని నాన్న అంటుండగానే కట్ అయింది. తర్వాత ఎంత చేసినా ఎత్తలేదు. అమ్మ కిటికీ వైపు చూడడం మానేసింది.

గేటు దగ్గర పొడుగ్గా లైను. మెడలో కార్డు వేసుకున్న ఒక పెద్దావిడ స్కాన్ చేస్తోంది. అమ్మ సంచిలోంచి కవర్, కవర్‌లోంచి టికెట్లు తీసింది.  మా ఇంటికి కొత్త కాటా వచ్చినా, కొత్త బిల్లు బుక్కు వచ్చినా ఏం చేస్తారో, అమ్మ అదే చేసింది. నాలుగు మూలలా పసుపు, నడిమధ్యన ఇంత కుంకుమ బొట్టు. మూలలూ ఆ క్యూఆర్‌వే, నడిమధ్యా దానిదే.

స్కానర్ చూసింది. బీప్ అనలేదు. ఆవిడ మళ్లీ పెట్టింది. ఎర్ర లైటు.

అమ్మ గబగబా కొంగుతో తుడిచింది. పసుపూ కుంకుమా కలిసి క్యూఆర్ మొత్తం ఎర్రగా పండిపోయింది. నేనే చెడగొడితినానే బిడ్డా అంది. అంత చిన్న గొంతు అమ్మకుందని నాకు తెలియదు. వెనక ఎవరో, రీసేల్ టికెట్లు ఇట్లనే ఉంటయి అన్నారు. ఫోన్ తీశాను. యాప్‌లో చక్రం తిరుగుతోంది. హాలంత జనానికీ ఒక్క టవరే అనుకుంటా.

పెద్దావిడ టికెట్‌ని వెలుతురుకు పట్టి చూసి నవ్వింది. దొంగ టికెట్లు శానా చూసిన తల్లీ, పూజ చేసిన దాన్ని ఇయ్యాలనే చూస్తున్న, దొంగ దానికి ఎవలన్న బొట్టు వెడ్తరా అంది. అలా అని లోపలికి వదల్లేదు. అయినా పేరు చూడాలె, పక్కకు నిలవడుండ్రి అంది. నమ్మింది, అయినా చూస్తానంది. మా డిపార్ట్‌మెంట్‌లో ఉండాల్సిన మనిషి.

చక్రం ఆగింది. నా పేరు, జె-11, జె-12, కొత్త క్యూఆర్. ఆధార్ చూపించాను. పచ్చ లైటు. రేఖక్క పంపుతానన్న స్క్రీన్‌షాట్ తీసుకుని ఉంటే ఈ పేరు ఉండేది కాదు. పోండ్రి, తెర లేస్తది అని ఆవిడ అమ్మ భుజం తట్టింది.

తెర లేచింది. రాణి నిజంగానే నిలబడి ఉంది.

అమ్మ ప్రతి పద్యానికీ పెదాలు కదిపింది, శబ్దం లేకుండా. అడవి సీను వచ్చింది. రాణి మొదటి పాదం, రెండో పాదం. మూడో పాదం దగ్గర అమ్మ పెదాలు అలవాటుగా ఆగిపోయాయి. రాణి ఆగలేదు. పాడింది. గరగర ఉండాల్సిన చోట మాటలున్నాయి. అమ్మ నా చేతిని రెండు చేతులతో పట్టుకుంది. ఆ పాదం నేను వినలేదు. అమ్మను చూస్తున్నాను.

చివర్లో అందరూ లేచి చప్పట్లు కొట్టారు. అమ్మ కొట్టలేదు, చేతులు ఖాళీ లేవు. క్యాబ్‌లో గుర్తొచ్చి, అయ్యో, కొట్టకపోతిని గదనే అని దారంతా బాధపడింది.

ఇంటికి వస్తే షట్టర్ సగం దించి ఉంది. లోపల దీపం ఇంకా వెలుగుతోంది. ప్రమిద అంచుదాకా నూనె, గల్లా మీద కూడా నూనె. నాన్న స్టూల్ వేసుకుని దాని ముందే కూర్చున్నాడు. గాలికి కొండెక్కుతదేమోనని లేవలేదట. ఫోన్ ఎందుకు ఎత్తలేదంటే, చేతులకు నూనె ఉండె అన్నాడు.

18 నవంబర్, మంగళవారం

రేఖక్కకు డబ్బు చేరిందట. పాపకు తగ్గుతోందట. నాటకం ఎట్లుండె అని అడిగింది. నేను రాణి గురించి కాకుండా అమ్మ గురించి చెప్పాను. అర్ధగంట మాట్లాడుకున్నాం. ఇప్పుడైతే స్క్రీన్‌షాట్ కూడా తీసుకుంటానేమో ఆమె దగ్గర. తీసుకోకూడదు.

19 నవంబర్, బుధవారం

వెనక గదిలో చింతపండు. అడవి పద్యం. గరగర లేదు.

20 నవంబర్, గురువారం

పొద్దుగూకింది. అమ్మ గల్లా దగ్గరికి పోలేదు. వచ్చి దుకాణం మెట్టు మీద, నా పక్కన కూర్చుంది. నాన్న మమ్మల్ని ఒకసారి చూశాడు. అగ్గిపుల్ల గీశాడు. ఆరిపోయింది. ఇంకోటి. వెలిగింది.

అమ్మ చప్పట్లు కొట్టింది.